గాలి హోరూ, చెవి గూబా

పిల్లలూ! మీలో చాలామంది నాన్నగారి వెనకో, అన్నయ్య వెనకో, పిన్ని వెనకో మోటారు సైకిలు మీద కూర్చుని ఊళ్ళు తిరిగే ఉంటారు. బండి ఊరి వీధుల్లో పోతున్నంతసేపూ ఇంజను చప్పుడు "డుగు డుగు"మని వినిపిస్తుంది. ఊరు దాటి, పెద్ద రోడ్డెక్కి, వేగం పుంజుకున్నదంటే ఆ డుగు డుగు కాస్తా మునిగిపోయి, "హో" అని ఒకటే హోరు బయలుదేరుతుంది. ముందు కూర్చున్నవారితో ఏదన్నా చెప్పాలంటే గొంతు చించుకోవాలి. "ఏమిటీ?" అని వారూ, "ఏమిటీ?" అని మీరూ అనుకోవటమే తప్ప, ఒకరి మాట ఒకరికి అందదు.

ఆ హోరు ఇంజనుది కాదు, గాలిది. ఆ సంగతి మీకూ తెలుసు. అయితే మీకు తెలియని సంగతి ఒకటున్నది. దూర ప్రయాణం చేసే మోటారు సైకిలువాడి చెవులకు అపాయం తెచ్చేది ముఖ్యంగా ఈ గాలే. కంట్లో దుమ్ము పడితే కన్ను మండుతుంది, కాలికి ముల్లు గుచ్చుకుంటే నొప్పి పుడుతుంది. కాని చెవికి ఈ గాలి చేసే హాని నొప్పి పుట్టించదు. అందుకే చాలామంది పెద్దవాళ్ళు కూడా దాన్ని లెక్క చెయ్యరు.

గాలి ఎందుకు అరుస్తుంది?

గాలి తనంతట తాను చప్పుడు చెయ్యదు. దేనికైనా అడ్డు తగిలినప్పుడే చేస్తుంది. వరద రోజుల్లో వంతెన మీద నిలబడి కిందికి చూస్తే, ప్రవాహం వంతెన స్తంభాలను తాకి రెండుగా చీలి, స్తంభాల వెనక సుడులు తిరుగుతూ పోవటం కనిపిస్తుంది. గాలి కూడా అచ్చం అలాగే చేస్తుంది. అడ్డు తగిలిన వస్తువు వెనక ఒకసారి ఈ పక్కా, ఒకసారి ఆ పక్కా సుడి పుట్టి, విడిపోయి, వెనక్కు కొట్టుకుపోతుంది. సుడి విడిపోయినప్పుడల్లా గాలి ఒక్కసారి అదురుతుంది. ఈ అదురులే మన చెవికి చప్పుడుగా వినిపిస్తాయి.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. చుట్టుపక్కల ఎవరూ లేని చోట నిలబడి, ఒక సన్నని బెత్తాన్ని గాలిలో జోరుగా ఆడించండి. "స్విష్"మంటుంది. మెల్లిగా ఆడిస్తే చప్పుడే ఉండదు. వేగం హెచ్చినకొద్దీ చప్పుడు పెద్దదవుతుంది, స్వరం కూడా హెచ్చుతుంది. టెలిగ్రాఫు తీగలు గాలికి పాడటంలో ఉన్న రహస్యం కూడా ఇదే. 1878లో స్ట్రౌహాల్ అనే చెక్ శాస్త్రజ్ఞుడు ఈ తీగల పాటను శ్రద్ధగా పరిశీలించాడు. గాలి వేగం పెరిగితే స్వరం హెచ్చుతుందనీ, తీగ లావైతే స్వరం తగ్గుతుందనీ ఆయన కనిపెట్టాడు.

మోటారు సైకిలు మీద కూర్చున్నవాడి తల కూడా గాలి ప్రవాహంలో నిలబెట్టిన స్తంభం లాటిదే. దాని చుట్టూ, భుజాల పైనా, గడ్డం కిందా సుడులు లేస్తూనే ఉంటాయి. అవి లేచేది ఎక్కడో దూరాన కాదు, చెవికి బెత్తెడు దూరంలో!

ఇందులో ఇంకొక విశేషం ఉన్నది. బండి వేగం రెట్టింపు అయితే ఈ హోరు కూడా రెట్టింపు అవుతుందనుకునేరు. అలా కాదు. గాలి ఒక వస్తువును ఒరుసుకుంటూ పోయేటప్పుడు పుట్టే చప్పుడు శక్తి ఎలా పెరుగుతుందో 1955లో కర్ల్ అనే శాస్త్రజ్ఞుడు లెక్క కట్టాడు. ఆ లెక్క ప్రకారం వేగం రెట్టింపు అయితే, ఆరు రెండులను ఒకదానితో ఒకటి హెచ్చవెయ్యాలి. 2, 4, 8, 16, 32, 64! అంటే గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయేవాడు 80 కిలోమీటర్ల వేగం అందుకున్నాడంటే, అతని చెవి దగ్గిర గాలి చేసే చప్పుడు శక్తి ఇంచుమించు 64 రెట్లవుతుందన్నమాట. ఊళ్ళో వినిపించని హోరు పెద్ద రోడ్డు మీద హఠాత్తుగా విరుచుకుపడటానికి కారణం ఇదే.

చెవిలో ఏమున్నది?

మనకు పైకి కనిపించే చెవి ఒక దొప్ప మాత్రమే. అసలు చెవి తల ఎముక లోపల దాగి ఉన్నది. చెవి రంధ్రం చివర డప్పు చర్మం లాగా బిగించిన పలచని పొర ఉంటుంది. దానిపేరు కర్ణభేరి. చప్పుడు తగిలి కర్ణభేరి అదిరితే, దాని వెనక ఒకదానికొకటి ఆనుకుని ఉన్న మూడు బుల్లి ఎముకలు కూడా కదులుతాయి. వాటిలో ఒకటి సుత్తి లాగానూ, ఒకటి కమ్మరి దాగలి లాగానూ, మూడోది రౌతు కాలు పెట్టే రికాబు లాగానూ ఉంటాయి. మన ఒంట్లో ఉన్న ఎముకలన్నిటిలోకీ ఈ రికాబే చిన్నది.

రికాబు వెళ్ళి తట్టేది నత్తగుల్ల ఆకారంలో చుట్టుకుని ఉన్న ఒక గొట్టాన్ని. దాన్ని కోక్లియా అంటారు. అందులో ఒక ద్రవం నిండి ఉంటుంది. ఆ గొట్టం పొడుగునా సుమారు 15,000 రోమకణాలు బారులు తీర్చి ఉంటాయి. ఒక్కొక్క కణం తల మీదా మన కంటికి కనిపించనంత సన్నని నూగు ఉంటుంది. పైరగాలికి వరిచేను ఊగినట్టు, ద్రవంలో అలలు లేచినప్పుడు ఈ నూగు ఊగుతుంది. కణం వెంటనే నరం ద్వారా మెదడుకు కబురు పంపుతుంది. అప్పుడే మనకు "వినపడింది" అనిపిస్తుంది. కోక్లియాలో ఏ స్వరానికి ఏ చోట అల పెద్దదిగా లేస్తుందో ప్రయోగాలు చేసి చూపించిన బెకేషీ అనే హంగరీ దేశస్థుడికి 1961లో నోబెల్ బహుమానం వచ్చింది.

పైరగాలికి ఊగిన చేను మళ్ళీ నిలబడుతుంది. తుఫాను గాలికి ఒరిగినది నిలబడదు. రోమకణాల సంగతీ అంతే. పెద్ద చప్పుడు కొంచెంసేపు వింటే అవి అలిసిపోతాయి. అప్పుడు చెవులు దిబ్బెడ వేసినట్టయి, గూబ గుయ్యిమంటుంది. విశ్రాంతి ఇస్తే కోలుకుంటాయి. కాని మళ్ళీ మళ్ళీ, గంటల తరబడి అదే హోరు తగులుతూంటే కొన్ని కణాలు చచ్చిపోతాయి. గోరు ఊడితే కొత్తది వస్తుంది, చర్మం గీసుకుపోతే కొత్త చర్మం వస్తుంది. కాని చచ్చిన రోమకణం స్థానంలో మనిషికి కొత్తది పుట్టదు.

ఈ విషయంలో కోడిపిల్ల మనకన్న అదృష్టవంతురాలు! చప్పుడు మూలాన దెబ్బతిన్న రోమకణాల స్థానంలో పక్షులకు కొత్తవి మొలుస్తాయని 1988లో శాస్త్రజ్ఞులు కనుక్కున్నారు. ఆ కిటుకు మనిషి చెవికి కూడా నేర్పగలమా అని పరిశోధనలు సాగుతున్నాయి. అంతవరకూ, ఉన్నవాటిని కాపాడుకోవటమే మన పని.

ముందుగా దెబ్బ తినేవి సాధారణంగా సన్నని స్వరాలను పట్టే కణాలు. అందుచేత ఇలా చెవులు చెడినవాడికి మాట బొత్తిగా వినపడకపోవటం ఉండదు. వినపడుతుంది కాని, అర్థం కాదు. "కాత", "తాత", "పాత"— ఈ మూడు మాటల్లోనూ తేడా అంతా మొదటి హల్లులోనే ఉన్నది. ఆ హల్లులు చిన్న చప్పుళ్ళు, వాటిని తెలిపేవి సన్నని స్వరాలు. అవి జారిపోతే మూడూ ఒకటే! నలుగురూ కబుర్లు చెప్పుకునే చోట అతను తెలిసీ తెలియక నవ్వుతూ కూర్చుంటాడు. కొందరికి రాత్రివేళ అంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు చెవిలో కీచురాయి కూసినట్టు ఆగకుండా మోత వినిపిస్తూంటుంది.

ఎంత చప్పుడు? ఎంతసేపు?

బరువును కిలోల్లో కొలిచినట్టే చప్పుడును డెసిబెళ్ళలో కొలుస్తారు. టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ పేరు మీద ఈ కొలతకు ఆ పేరు వచ్చింది. కాని ఇది కిలోల లెక్క వంటిది కాదు. మూడు డెసిబెళ్ళు పెరిగితే చప్పుడు శక్తి రెట్టింపు అవుతుంది. పది పెరిగితే పది రెట్లవుతుంది. మనం మామూలుగా మాట్లాడుకునే మాటలు సుమారు 60 డెసిబెళ్ళు ఉంటాయి.

పనివాళ్ళ ఆరోగ్యాన్ని గురించి పరిశోధనలు చేసే నియోష్ అనే అమెరికా ప్రభుత్వ సంస్థ ఒక హద్దు పెట్టింది. 85 డెసిబెళ్ళ చప్పుడులో మనిషి రోజుకు 8 గంటలు ఉండవచ్చు. అక్కడినుంచి మూడు పెరిగినప్పుడల్లా కాలం సగానికి తగ్గిపోతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 94 అయితే ఒక గంట, 97 అయితే అరగంట, 100 అయితే పావుగంట. అంతే!

ఇక మోటారు సైకిలు సంగతి చూద్దాం. 1990లలో ఇంగ్లండులో పరిశోధకులు హెల్మెట్ లోపల, బండి నడిపేవారి చెవుల దగ్గిర, బుల్లి మైకులు అమర్చి కొలిచారు. గంటకు 65 కిలోమీటర్ల వేగం దాటేసరికి గాలి హోరు తక్కిన చప్పుళ్ళన్నిటినీ మించిపోయింది. హెల్మెట్ లోపలే అది సుమారు 90 డెసిబెళ్ళున్నది. 160 కిలోమీటర్ల వేగం దగ్గిర 110 దాకా పోయింది!

ఇప్పుడు మనమొక లెక్క చేద్దాం. విజయవాడనుంచి హైదరాబాదుకు సుమారు 270 కిలోమీటర్లు. ఒకడు గంటకు 80 కిలోమీటర్ల చొప్పున పోయాడనుకోండి. అతని చెవి దగ్గిర 94 డెసిబెళ్ళ హోరు ఉన్నదనుకోండి. ప్రయాణం మూడు గంటలకు పైగా పడుతుంది. అతని చెవికి ఆ రోజుకు దక్కిన వాటా ఒక్క గంట. అంటే, మూడు రోజుల వాటాను ఒక్క పూటలో ఖర్చు చేసేశాడన్నమాట! ఏడాదికి ఒకసారి అయితే చెవి సర్దుకుంటుందేమో. రోజూ తిరిగే ఉద్యోగం అయితే?

హెల్మెట్ ఉన్నది కదా?

"హెల్మెట్ చెవులను మూసేస్తుంది కదా, ఇంక భయమెందుకు?" అని మీరు అడగవచ్చు. హెల్మెట్ కథ కాస్త తెలుసుకుంటే దీనికి జవాబు దొరుకుతుంది.

మొదటి ప్రపంచయుద్ధంలో పేరుపొందిన టి. ఇ. లారెన్స్ అనే ఆంగ్లేయుడుండేవాడు. "అరేబియా లారెన్స్" అని ఆయనకు పేరు. ఆయనకు మోటారు సైకిలంటే ప్రాణం. 1935 మే 13న ఆయన బండి మీద వస్తూంటే, రోడ్డు పల్లంలో సైకిళ్ళ మీద పోతున్న ఇద్దరు కుర్రాళ్ళు హఠాత్తుగా కనిపించారు. వాళ్ళను తప్పించబోయి ఆయన బండి మీదినుంచి ఎగిరి పడ్డాడు. తలకు పెద్ద దెబ్బ తగిలింది. ఆరు రోజులకు ప్రాణం పోయింది. ఆయనకు చికిత్స చేసినవారిలో హ్యూ కైర్న్స్ అనే శస్త్ర వైద్యుడొకడు. ఇలాటి చావులను ఆపటానికి ఏమన్నా చెయ్యాలని కైర్న్స్ పట్టుపట్టాడు. తలకు దెబ్బలు తగిలిన మోటారు సైకిలువాళ్ళను గురించి పరిశోధన చేసి, 1941లో ప్రచురించాడు. ఆ ఏడే బ్రిటిష్ సైన్యంలో మోటారు సైకిళ్ళు నడిపేవారందరూ హెల్మెట్ పెట్టుకోవాలని ఉత్తరువైంది.

చూశారా! హెల్మెట్ పుట్టినది పుర్రెను కాపాడటానికి, చెవిని కాపాడటానికి కాదు. అది దెబ్బను ఆపుతుంది. గాలి హోరును మటుకు అంతగా ఆపలేదు. ఎందుకంటే గాలి సుడులు లేచేది ఆ హెల్మెట్ మీదనే. డప్పు లోపల తల దూర్చి కూర్చుంటే, బయట కొట్టే దరువు తక్కువగా వినిపిస్తుందా? పైగా, గడ్డం కిందా, మెడ చుట్టూ ఉన్న సందులోనుంచి హోరు లోపలికి చొరబడుతుంది. ఇంగ్లండులో బాత్ విశ్వవిద్యాలయంవారు ఒక హెల్మెట్‌ను గాలి సొరంగంలో పెట్టి పరీక్షించి, గడ్డం దగ్గిర హెల్మెట్ కింది భాగం ఈ చప్పుడుకు ఒక ముఖ్యమైన పుట్టిల్లని 2011లో తేల్చారు.

అంతమాత్రాన హెల్మెట్ వద్దనుకోకూడదు సుమా! నాలుగేళ్ళు దాటిన ప్రతివారూ బండి మీద హెల్మెట్ పెట్టుకోవాలని మన దేశపు చట్టం చెబుతున్నది. అంతకన్న చిన్న పిల్లలకు కూడా, తొమ్మిది నెలలు నిండినప్పటినుంచీ, హెల్మెట్టూ, నడిపేవారికి కట్టే పట్టీ ఉండాలనీ, బండి గంటకు 40 కిలోమీటర్లు మించకూడదనీ 2022లో నిబంధనలు వచ్చాయి. తలకు హెల్మెట్ ఎలాగూ ఉండాలి. చెవికి ఇంకొక ఉపాయం కావాలి.

ఓడ మీది ఉపాయం

ఆ ఉపాయం చాలా పాతది. గ్రీకు మహాకవి హోమర్ చెప్పిన "ఒడిస్సీ" కథలో సైరెన్లనే మాయగత్తెలు వస్తారు. వాళ్ళ పాట విన్న నావికులు దారి తప్పి నాశనమైపోయేవాళ్ళు. ఒడిస్యూస్ అనే వీరుడు తనవాళ్ళ చెవుల్లో తేనెమైనం కూరి, ఆ పాట వినపడకుండా చేసి, ఓడను దాటించాడు. 1907లో బెర్లినులో మాక్స్ నెగ్వెర్ అనే మందుల తయారీదారు మైనమూ, దూదీ కలిపి చెవి బిరడాలు చేసి అమ్మసాగాడు. ఆయనకు ఈ ఆలోచన ఒడిస్యూస్ కథనుంచే వచ్చిందంటారు. వాటికి "ఓరోపాక్స్" అని పేరు పెట్టాడు. "చెవికి శాంతి" అని దాని అర్థం. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగి మోతల మధ్య సైనికులు వాటిని వాడుకున్నారు.

ఈ రోజుల్లో స్పాంజీ లాటి మెత్తని ఫోమ్ బిరడాలు మందుల షాపుల్లో కొద్ది డబ్బుకే దొరుకుతాయి. సరిగా పెట్టుకుంటే 15 డెసిబెళ్ళో, అంతకన్న ఎక్కువో తగ్గుతుంది. ఇందాకటి లెక్కలో 94లోనుంచి 15 తీసెయ్యండి. మిగిలేది 79. అప్పుడు హైదరాబాదు ప్రయాణం చెవికి ఏమీ బరువు కాదు!

కాని సరిగా పెట్టుకోవటం ఒక విద్య. చేతులు శుభ్రంగా కడుక్కోవాలి. బిరడాను వేళ్ళ మధ్య నలిపి, సన్నని వత్తిలా చెయ్యాలి. కుడిచెవికి పెట్టుకునేటప్పుడు ఎడమచెయ్యి తలమీదుగా తెచ్చి, చెవి దొప్పను పైకీ వెనక్కూ లాగి పట్టుకోవాలి. అలా చేస్తే వంకరగా ఉన్న చెవి రంధ్రం తిన్ననవుతుంది. అప్పుడు వత్తిని లోపలికి జొనిపి, అది ఉబ్బి రంధ్రాన్ని నింపేదాకా అరనిమిషంపాటు వేలితో అదిమి ఉంచాలి. తీసేటప్పుడు మెల్లిగా మెలితిప్పుతూ తియ్యాలి. మురికి పట్టిన బిరడాను పారెయ్యాలి. దూది ఉండ పెట్టుకుంటే చాలుననుకునేవారున్నారు. అది చలిగాలిని ఆపుతుందే గాని, చప్పుడును ఆపలేదు. పుల్లలూ, పిన్నీసులూ, పెన్సిళ్ళూ చెవిలో ఎన్నడూ పెట్టరాదు. చెవిలో చీము గాని, నొప్పి గాని ఉన్నవారు డాక్టరును అడగకుండా బిరడా పెట్టుకోకూడదు. మీరు కూడా పెద్దవాళ్ళు దగ్గిర ఉండగానే పెట్టుకోవాలి. చంటిపిల్లలకు వీటిని అందనివ్వకూడదు. నోట్లో వేసుకుంటే గొంతుకు అడ్డం పడతాయి.

"చెవులు మూసుకుంటే వెనకనుంచి వచ్చే లారీ హారన్ వినపడేదెలా?" అని మీ నాన్నగారు అడుగుతారు. ఎండలో నల్లద్దాలు పెట్టుకున్నవాడికి దారి కనపడదా? బిరడా అన్ని చప్పుళ్ళనూ తగ్గిస్తుందే గాని, మాయం చెయ్యదు. పెద్ద వేగంలో హారన్‌ను మింగేస్తున్నది ఆ గాలి హోరే. అది తగ్గితే హారన్ తెలియటం ఎంతో సులువు. మెల్లిగా పోయే ఊరి వీధుల్లో మటుకు బిరడాల అవసరం లేదు. వాటిని గురించి ఏ ప్రాంతంలోనైనా వేరే నియమాలుంటే, పెద్దవాళ్ళు తెలుసుకుని పాటించాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాటలు వినటం దీనికి పూర్తిగా విరుద్ధం. 94 డెసిబెళ్ళ హోరును మించి పాట వినపడాలంటే, పాట ఇంకెంత పెద్దదిగా ఉండాలి! పైగా మనసు రోడ్డు మీద ఉండదు.

ఇంకేం చెయ్యవచ్చు?

గాలి బాగా వీచే రోజున మైదానంలో గాలికి ఎదురుగా నిలబడండి. చెవిలో గుడగుడమంటుంది. అరచేతిని చెవికి ముందు గోడలాగా నిలబెట్టండి. గుడగుడ తగ్గిపోతుంది, కాని పక్కన ఉన్న స్నేహితుడి మాటలు వినపడుతూనే ఉంటాయి! కొన్ని మోటారు సైకిళ్ళకు ముందువైపు ఉండే అద్దం ఇలాటి గోడే. అయితే దాని ఎత్తు సరిగా కుదరాలి. అద్దం అంచున లేచిన సుడులు సరాసరి హెల్మెట్‌కు తగిలితే, అద్దం లేనప్పటికన్న హోరు ఎక్కువవుతుంది కూడా. హెల్మెట్ తలకు బిగువుగా సరిపోయి, మెడ దగ్గిర సందు తక్కువగా ఉండాలి. దాని ముందు అద్దం పూర్తిగా మూసుకోవాలి. అన్నిటినీ మించిన ఉపాయానికి కానీ ఖర్చు లేదు. వేగం తగ్గించటమే! 64 రెట్ల లెక్క గుర్తున్నది కదా. వేగం కొంచెం తగ్గినా హోరు చాలా తగ్గుతుంది. గంటకొకసారి బండి ఆపి, కాసేపు చెట్టుకింద కూర్చుంటే చెవులకూ విశ్రాంతి, నడుముకూ విశ్రాంతి.

చివరకు మీరు చెయ్యదగిన పరీక్ష ఒకటున్నది. నాన్నగారో, అన్నయ్యో దూరప్రయాణానికి బయలుదేరే ముందు వారిని నిశ్శబ్దంగా ఉన్న గదిలో కళ్ళు మూసుకుని కూర్చోమనండి. టిక్కు టిక్కుమనే గడియారాన్ని దూరంనుంచి మెల్లిగా చెవి దగ్గిరికి తీసుకురండి. "వినపడింది" అనగానే ఆగి, దూరం కొలిచి రాసుకోండి. వారు తిరిగి వచ్చీరాగానే, అదే గదిలో, అదే గడియారంతో మళ్ళీ కొలవండి. ఈసారి గడియారాన్ని ఇంకా దగ్గిరికి తేవలసివచ్చిందంటే, చెవులు అలిసిపోయాయన్నమాటే. మర్నాడు మళ్ళీ కొలవండి. అప్పటికీ మొదటి దూరం రాకపోయినా, చెవిలో మోత ఆగకపోయినా, చెవి డాక్టరు దగ్గిరికి వెళ్ళమనండి.

ఆ కాగితం మీద రాసిన రెండు అంకెలూ వారికి చూపించండి. వాటి ముందు మీరు వేరే ఏమీ చెప్పనక్కర్లేదు. ఈసారి ప్రయాణానికి హెల్మెట్‌తోబాటు చెవి బిరడాలు కూడా ఇంట్లోనుంచి బయలుదేరుతాయి.